ఓటీపీ వచ్చిందా అవ్వా?

డిజిటల్ వైద్యసేవల పట్ల రోగుల వైఖరి, అధికార పరిభాషలో, రెండు రకాలు: అవగాహన ఉన్నది, లేనిది. డాక్టరు ఉన్న ఆసుపత్రి, లేని ఆసుపత్రి అనే విభజన ఈ శాస్త్రంలోకి ఇంకా రాలేదు.

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న మొదలైంది. మనిషికొక 14 అంకెల ఆభా నంబరు దాని పునాది. బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు 2017లోనే దక్కింది. దాన్ని తినే మనిషికి ఈ అంకెల గుర్తింపు ఆ తర్వాత వచ్చింది. మామిడిని మాత్రం ఎవరూ ఓటీపీ అడగరు.

ఆధార్ ఓటీపీతో ఆభా పుట్టాలంటే ఆధార్‌కు ముడిపడిన ఫోన్‌కు అంకెలు రావాలి. బనగానపల్లె చుట్టుపట్ల పల్లెల్లో ఆ ఫోన్ తరచూ బెంగళూరులో, సెంట్రింగ్ పనికి పోయిన కొడుకు జేబులో ఉంటుంది. మోకాళ్ల నొప్పి అవ్వకు, ఓటీపీ కొడుక్కు.

ఓపీ కిటికీలోని అమ్మాయి “ఓటీపీ వచ్చిందా అవ్వా?” అంటుంది. “నాకేమొచ్చిందో సూపిచ్చుకుందామనే గదమ్మా వచ్చినా” అంటుంది అవ్వ. వరుసలో ఉన్న కుర్రాడెవరో కొడుక్కి ఫోన్ కలుపుతాడు. మూడోసారికి ఎత్తిన కొడుకు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకోళ్లు చెప్పినారంటాడు. ఏళ్ల తరబడి పోలీసులు ఊదరగొట్టిందీ అదే. చెబితే అమాయకుడు, చెప్పకపోతే అవగాహన లేనివాడు.

బతిమాలి చెప్పించేసరికి గడువు తీరిపోతుంది. మళ్లీ పంపాలి. వెనకున్న వాళ్లు అవ్వను విసుక్కుంటారు గానీ యాప్‌ను కాదు. నిబంధనల ప్రకారం ఆభా తీసుకోవడం ఐచ్ఛికం. ఆ ముక్క కిటికీ అద్దానికి అంటించాలని మాత్రం ఎవరికీ తోచదు.

క్యూఆర్ స్కాన్ చేసి ఓపీ చీటీ తీసుకునే స్కాన్ అండ్ షేర్ 2022లో వచ్చింది. దానివల్ల స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకు చీటీ వరుస తప్పింది. డాక్టరు గది ముందు వరుస తప్పలేదు.

2019లో మొదలైన టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిది ఇంకో కథ. మామిడికాయనైనా చేత్తో పట్టి చూడందే కొనని ఊరికి, కడుపునొప్పిని తెరమీద చూపించుకోమని సలహా. బీపీ, షుగరు మందులకు అది పనికొస్తుంది. మిగతా వాటికి తెరలోని డాక్టరు చివరికి చెప్పేది కర్నూలుకు పొమ్మనే.

అవగాహన లేదన్నది పచ్చి అబద్ధం. ఇదే జనం ఫోన్‌పే ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నారు. టీ కొట్లోనూ క్యూఆరే, మామిడి బండి మీదా క్యూఆరే. పంపిన డబ్బు అవతల చేరుతోంది కాబట్టి నమ్మారు. వైద్యంలో అవతల చేరేదేమిటి? స్పెషలిస్టు పోస్టు ఖాళీగా పెట్టి, స్కానింగుకు జిల్లా కేంద్రానికి తరిమి, ఆ తిప్పలు మొత్తం సర్వర్‌లో ఎక్కించి, ఇంత చేసినా రోగి ముందుకు రావడం లేదని వాపోవడం సిగ్గులేనితనం. రోగికి ఫోనంటే భయం లేదు. ఫోన్ పెట్టేశాక మళ్లీ బస్సెక్కాల్సిందేనని తెలుసు, అంతే.

ఇక ఆరోగ్య రికార్డు. అది అవ్వ చంకలోని బట్టల కొట్టు కవరులో ఎప్పటినుంచో ఉంది: పాత చీటీలు, షుగరు కాగితాలు, మడత దగ్గర చిరిగిన ఎక్స్‌రే కవరు. సర్వర్ పడిపోతే డాక్టరు అడిగేది దాన్నే.

మధ్యాహ్నానికి ఓపీ మూసేస్తారు. అవ్వ ఊరికి పోయి ఆర్‌ఎంపీ ముందు కూర్చుంటుంది. ఆయన నంబరు అడగడు, సూది వేస్తాడు. ఆ సూదిలో ఏముందో 14 అంకెల కింద ఎక్కడా నమోదు కాదు.