ఓడెక్కి వచ్చిన ఇల్లు

నన్ను చెక్కింది ఒక తీరంలో, నిలబెట్టింది మరో తీరంలో. అమెరికా తూర్పు అంచున మెయిన్ రాష్ట్రంలో నా దూలాలూ పలకలూ కొలతల ప్రకారం కోసి ఓడకెక్కించారు. దక్షిణ అమెరికా కొస దాకా దిగి, కేప్ హార్న్ చుట్టి, మళ్ళీ పైకొచ్చి కాలిఫోర్నియా చేరాను. 1851 నాటి మాట. శాంటాక్లారా లోయలో అప్పుడు ఎక్కడ చూసినా మట్టి ఇటుకల గోడలే.

దూలానికి దూలం ఆనించి కొయ్యమేకు దిగ్గొడుతుంటే నా యజమాని దగ్గరే ఉన్నాడు. ఒక్కో మేకు దిగాక అరచేత్తో తడిమి చూసేవాడు. ఆ చేతి బరువు నాకింకా తెలుసు.

ఆయన పేరు మార్టిన్ మర్ఫీ. 1807లో ఐర్లండులోని వెక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. అక్కడ చాలామంది కేథలిక్ రైతుల్లాగే వాళ్ళదీ పరాయి నేల దున్ని కౌలు కట్టే బతుకు. కుటుంబం కెనడాలోని క్విబెక్‌కు తరలింది. 1831లో అక్కడే మేరీ బోల్జర్‌ను పెళ్ళాడాడు. తర్వాత మిస్సోరీ. నేల మంచిదే గానీ గాలి పడలేదు. మలేరియా ఆయన తల్లిని పొట్టన పెట్టుకుంది. ఇక అక్కడ ఉండలేక 1844లో కాలిఫోర్నియాకు బండ్లు కట్టారు.

ఆ ప్రయాణం కథ నా వసారాలో ఎన్ని రాత్రులు విన్నానో! యాభై మంది, ఎలైషా స్టీఫెన్స్ అనే కమ్మరి నాయకుడు. సియెర్రా నెవాడా కొండలు చేరేసరికి నవంబరు, మంచు పడుతోంది. కనుమ మీద మనిషెత్తు దాటిన నిలువు బండ అడ్డం వచ్చింది. వెతగ్గా వెతగ్గా బండలో ఒక చీలిక కనపడింది. ఒక్క ఎద్దు పట్టేంత సందు. కాడి విప్పి ఎద్దుల్ని ఒకదాని వెనక ఒకటి అందులోంచి పైకి తోలారు. పైన మళ్ళీ కాడి కట్టి గొలుసులు కిందికి వదిలారు. సామాన్లన్నీ దించిన ఖాళీ బండ్లను పైనుంచి ఎద్దులు లాగుతుంటే కిందనుంచి మగవాళ్ళు భుజాలిచ్చి ఎత్తారు. అలా అయిదు బండ్లు దాటాయి. ఆ కొండలు దాటిన మొదటి బండ్లు అవే.

దాటాక యూబా నది దగ్గర మంచు మళ్ళీ ఆపేసింది. ఆడవాళ్ళనీ పిల్లల్నీ గుడిసెలో ఉంచి మగవాళ్ళు ముందుకు పోయారు. గుడిసెలో వాళ్ళు ఎద్దుల మాంసంతో రోజులు నెట్టారు. ఆ చలిలోనే మేరీకి కూతురు పుట్టింది. ఎలిజబెత్ యూబా అని పేరు పెట్టుకున్నారు. రెండేళ్ళ తర్వాత అవే కొండల్లో డానర్ అనే మరో బండ్ల బృందంలో ఎందరో మంచుకు బలయ్యారు. మర్ఫీ వాళ్ళ బృందంలో ఒక్కరూ పోలేదు, పైగా దారిలో ఇద్దరు పుట్టారు. ఈ మాట దగ్గర మేరీ గొంతు ప్రతిసారీ తడబడేది.

1850లో మార్టిన్ ఇక్కడ దాదాపు 4,800 ఎకరాలు కొన్నాడు. మెక్సికో పాలనలో ఇచ్చిన భూమి అది, స్పానిష్‌లో దాని పేరుకు గొర్రెపిల్లల మేత నేల అని అర్థం. అంతకంటే ముందు నుంచీ అది ఒలోనీ జనం నేల. వాళ్ళ కథ నా గోడల మధ్య ఎవరూ చెప్పలేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

గోధుమ వేశాడు, పశువుల్ని పెంచాడు, పండ్లతోటలు నాటాడు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్‌హోసేకి రైలు వేస్తుంటే తన పొలంలోంచి దారి ఇచ్చాడు, రైలు ఇక్కడ ఆగాలన్నాడు. 1864 నుంచి మర్ఫీ స్టేషన్ పేరుతో రైలు ఆగింది. ఊరు పుట్టడానికి మూలం అదేనని నా నమ్మకం. 1881 జూలైలో ఆయనకీ మేరీకీ పెళ్ళయి యాభై ఏళ్ళయితే వేలమంది విందుకొచ్చారు. పిలుపు అందినవాళ్ళే రావాలన్న నియమం లేదు.

1884లో ఆయన పోయాడు. పిల్లలు పంచుకున్న భూమిలో రెండువందల ఎకరాలు వాల్టర్ క్రాస్‌మన్ కొని ఇళ్ళస్థలాలు వేశాడు. 1901లో దానికి సన్నీవేల్ అని పేరొచ్చింది. 1961లో నాకు మంటలంటుకున్నాయి. మిగిలింది కూల్చేశారు. నూటపదేళ్ళు బతికాను. 2008లో ఊళ్ళోనే ఆప్రికాట్ తోట పక్కన నా పోలికతో ఒక ఇల్లు కట్టి మ్యూజియం చేశారు.

ఇప్పుడా స్టేషన్లో రైలు దిగి మర్ఫీ అవెన్యూలో నడిచేవాళ్ళలో తెలుగువాళ్ళు బోలెడుమంది. మొన్నొక పెద్దావిడ వీధి బోర్డు చూసి ఆగిపోయింది.

"ఒరేయ్, మర్ఫీ అంటే మన ఇంట్లో ఉండేదే, ఆ రేడియో వాళ్ళా?"

"కాదమ్మా, ఎవరో పాతకాలపాయన."

"ఏ ఊరాయనో!" అందావిడ, బోర్డు వంకే చూస్తూ.

వెక్స్‌ఫర్డ్, తల్లీ. సముద్రం అవతల.