గంధర్వ నగరిలో ఒక ముక్కు

ఫిల్మ్ నగర్‌లో పెద్దమనిషి రావడానికి ముందు ఆయన మేనేజరు వస్తాడు. మేనేజరు కంటే ముందు సారు కొట్టుకున్న సెంటు వస్తుంది. సెంటు వచ్చిన మరుక్షణం నాకు తుమ్ము వస్తుంది. ఈ వరస ఆఫీసు బాయ్‌లు ఎప్పుడో కనిపెట్టేశారు. నేను తుమ్మగానే ఒకడు టీ గ్లాసులు సర్దేస్తాడు, ఇంకొకడు ఏసీ పెంచుతాడు, "సార్ వచ్చేశారు" అని లోపలికి కబురు పోతుంది. సారు అప్పటికింకా లిఫ్టులోనే ఉంటారు.

ఇంతవరకైతే ఫరవాలేదు. కానీ సినిమావాళ్ల ముందు తుమ్మడమంటే మాటలా? క్లాప్ కొట్టడానికి ముహూర్తం, కొబ్బరికాయకు ముహూర్తం, టైటిల్లో ఒక అక్షరం పెంచాలా తగ్గించాలా అన్నదానికి న్యూమరాలజిస్టు ఉండే లోకం ఇది. అలాంటి చోట కథ మొదలుపెడుతూ "అనగనగా ఒక ఊరు సార్" అన్న వెంటనే తుమ్మితే ఆ ఊరి సంగతి అక్కడితో సరి. నిర్మాత కుర్చీలో వెనక్కి వాలిపోతాడు. ఒంటి తుమ్ము అపశకునం, జంట తుమ్ములు శుభం అని మన పెద్దలు దయతో ఒక సందు వదిలారు కాబట్టి, గదిలో అందరూ నా ముఖం వంకే చూస్తూ రెండో తుమ్ము కోసం కాచుకుని ఉంటారు. అడిగితే వచ్చేదా అది? ఒకసారి ఒక కో-డైరెక్టర్ జాలిపడి తన రుమాలు నా ముక్కు ముందు ఆడించాడు. దానికి పట్టించిన సెంటు ధాటికి వరసగా ఏడు వచ్చాయి. ఏడు ఎటూ కాని అంకె అని నిర్మాత గారు లేచి వెళ్లిపోయారు.

చిన్నప్పుడు నేను తుమ్మితే మా అమ్మ "చిరంజీవ" అనేది. ఈ పేటలో ఆ మాట అంటే నలుగురూ లేచి నిలబడి గుమ్మం వైపు చూస్తారు.

నేను మాటలు రాసేవాణ్ణి. తెర మీద పేరు పడుతుందా లేదా అన్నది వేరే సంగతి. మా పని జరిగేది సిట్టింగుల్లో. సిట్టింగ్ అంటే కిటికీలు మూసి, పరదాలు దించి, ఏసీ పద్దెనిమిదిలో పెట్టి, నలుగురైదుగురు పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే సీను మీద గొడవపడటం. డైరెక్టర్ గారిది గంధపు చెక్క వాసన. రచయితల్లో కుర్రాడిది పుచ్చకాయ వాసన. నిర్మాత బావమరిదిది (కథలో వేలు పెట్టే హక్కు ఈయనకు పెళ్లి రోజే వచ్చింది) దుబాయ్ ఎయిర్‌పోర్టు దుకాణాలన్నీ కలిపిన వాసన. ఇవి చాలవన్నట్టు మూల ప్లగ్గులోంచి రూమ్ ఫ్రెషనర్ లావెండర్ ఊదుతూ ఉంటుంది. ముందు కళ్లలో నీళ్లు, తర్వాత ఎడమ కణతలో పోటు, ఆ తర్వాత గొంతు పట్టేయడం. ఒక విలన్‌కు రాసిన బెదిరింపు డైలాగు ఇలాగే చదివి వినిపిస్తుంటే రెండు మాటలకోసారి దగ్గు అడ్డం పడింది. డైరెక్టర్ గారు చటుక్కున లేచి, "సార్, ఆ దగ్గు ఉంచేద్దాం" అన్నారు. ఆ పాత్ర సినిమా పొడుగునా దగ్గుతూనే హత్యలు చేసింది. నటుడికి మంచి పేరొచ్చింది. దగ్గు ఎవరిదో టైటిల్స్‌లో వేయలేదు.

ఎలర్జీ ఏమో చూద్దామని పరీక్షలు కూడా చేయించుకున్నాను. చేతి మీద వరసగా గుచ్చి, దుమ్ములో ఉండే పురుగు పడదు, బొద్దింక పడదు అని తేల్చారు గాని సెంటు సంగతి తేలలేదు. డాక్టరు గారు ఓపిగ్గా చెప్పుకొచ్చారు. సెంటు తగిలి చర్మం మీద దురద, పొక్కులు వస్తే అది ఎలర్జీ. ముక్కు, గొంతు, తల దగ్గర జరిగే రభస చాలామందిలో వేరే రకం. ముఖానికి ట్రైజెమినల్ అని ఒక నరం ఉంది. పక్కింట్లో ఎండుమిరపకాయల తాలింపు మాడితే మన ఇంట్లో మనల్ని తుమ్మించేది అదే. కొందరిలో అది సెంటును కూడా మిరపకాయ ఖాతాలోనే జమ కట్టేస్తుంది. ఉబ్బసం, మైగ్రేన్ ఉన్నవాళ్లకు మరీను. మందేమిటండీ అంటే "వాసనలకు దూరంగా ఉండటమే" అన్నారు. ఆయన బల్ల మీద సువాసన పుల్లలు గుచ్చిన సీసా ఒకటి ఉంది. నేను మాట మన్నించి గుమ్మం దగ్గర నిలబడే మిగతా సలహా విన్నాను.

సెంటు కొట్టుకునేవాళ్ల మీద నాకేం కోపం లేదు. వాళ్ల ముక్కే వాళ్లను మోసం చేస్తుంది. ఏ వాసనైనా ఎడతెగకుండా తగులుతుంటే కొన్ని నిమిషాల్లోనే ముక్కు దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. దాంతో సెంటు ఎగిరిపోయిందనుకుని మళ్లీ కొడతారు. హీరో గారికి తెలియదు. చుట్టూ ఉండేవాళ్లకు అలవాటైపోయి తెలియదు. కొత్తగా వచ్చినవాడికి తెలుస్తుంది, కానీ వాడు అవకాశం కోసం వచ్చినవాడు, నోరు మెదపడు. ఇక్కడ ఫ్లాపు సినిమాలు ఎలా తయారవుతాయని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను.

ఈ ప్రాంతపు భూగోళం నాకు ముక్కుతోనే తెలుసు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచేనాటికి ఇక్కడ బండరాళ్లూ తుప్పలేనని పాతవాళ్లు చెబుతారు. నా ముక్కు ఆ రోజుల్లో పుట్టాల్సింది. ఇప్పుడు కింద కృష్ణానగర్‌లో మొదలుపెట్టి పైకి నడిస్తే, గుట్ట ఎక్కేకొద్దీ సెంటు ధర పెరుగుతుంది. కృష్ణానగర్‌లో పొద్దున్నే షూటింగ్ బండి కోసం నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టుల మధ్య ఒకే డియోడరెంటు డబ్బా నాలుగు చొక్కాల మీద తిరుగుతుంది. ఘాటే, కానీ ఆరుబయటి గాలికి పదడుగుల్లో పోతుంది. చెక్‌పోస్టు దాటి రోడ్ నంబర్ 36 మీదికొస్తే షోరూముల తలుపులు తెరుచుకున్నప్పుడల్లా ఏసీ చల్లదనంతో పాటు సువాసన కూడా ఫుట్‌పాత్ మీదికి వస్తుంది. 45లో క్యాఫేలు. కాఫీ వాసన కోసం వెళ్తే అదొక్కటి తప్ప అన్నీ తగులుతాయి. కేబీఆర్ పార్కులో కాస్త ఊపిరి ఆడుతుంది. నెమళ్లు సెంటు కొట్టుకోవు. వాకింగ్‌కు వచ్చేవాళ్లు కొట్టుకుంటారు, కానీ నాకంటే వేగంగా నడుస్తారు గనక బతికిపోతున్నాను.

క్యాబ్ ఎక్కితే డాష్‌బోర్డు మీద వినాయకుడు, ఆయన పక్కన జెల్ డబ్బా. "అన్నా, ఆ డబ్బా జర తీస్తావా" అని అద్దం దించితే చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర లారీ పొగ నిండుగా లోపలికొచ్చింది. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి, "గీ పొగ పడ్తది గానీ మల్లెపూల వాసన పడదా సార్ మీకు?" అన్నాడు. మల్లెపూలు పడతాయని, ఆ డబ్బాలో మల్లెపూలు లేవని చెప్పేలోగా పచ్చలైటు పడింది.

పెద్ద ఇళ్ల లిఫ్టుల్లో నిన్నటి వాసన కూడా ఉంటుంది. దీని వెనక కస్తూరి కథ ఉంది. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే జర్మన్ రసాయనవేత్త ఇంకాస్త గట్టిగా పేలే పదార్థం కోసం టీఎన్‌టీ జాతి రసాయనాలతో కుస్తీ పడుతుంటే, ఒకటి గుప్పున కస్తూరి వాసన కొట్టింది. కృత్రిమ కస్తూరి వ్యాపారం అక్కడ ఊపందుకుంది. ఆ తొలి రకాల్ని తర్వాత చాలావరకు పక్కనపెట్టి కొత్తవి తెచ్చారు గాని, బట్టను పట్టుకుంటే ఉతికినా వదలని గుణం ఆ వంశంలో పోలేదు. సబ్బుపొడుల్లో వాటిని కలిపేది అందుకే. బాంబుల కార్ఖానాతో బంధుత్వం ఉందని తెలిశాక నా తలనొప్పి మీద నాకే కాస్త గౌరవం పెరిగింది. పోనీ సీసాలో ఏముందో చదువుదామంటే లేబుల్ మీద "పెర్‌ఫ్యూమ్" అన్న ఒక్క ముక్కే ఉంటుంది. దాని వెనక పదుల కొద్దీ, ఒక్కోసారి వందల కొద్దీ రసాయనాలు "మరియు తదితరులు"గా దాక్కుంటాయి. యూరప్‌లో మాత్రం పడనివాళ్లకు తెలియాలని 26 పదార్థాల పేర్లు విడిగా వేయాలని 2005 నుంచి నిబంధన. 2023లో ఆ జాబితాను 80 దాటించారు.

సలహాలకు ఈ ఊళ్లో కరువు లేదు. మృగశిర కార్తె రాగానే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి వెళ్లి బత్తిని వారి చేపమందు మింగమన్నారు. కొర్రమీను వాసనతో నాకు పేచీ లేదు, అది గొంతులో ఈదడమే పడదు. ఇంకొకాయన చార్మినార్ దగ్గర అత్తరు కొట్టుకు తీసుకెళ్లి, "ఇది నేచురల్, ఏమీ చేయదు" అంటూ మణికట్టు మీద రాశాడు. మిరపకాయ కూడా నేచురలే. సాంబ్రాణీ నేచురలే, దాని పొగ మాత్రం పొగే. శుక్రవారం మా ఆవిడ సాంబ్రాణి వేస్తే నేను బాల్కనీలోకి తప్పుకుంటాను. "దేవుడి పొగ కూడా పడదా అండీ మీకు?" అంటుంది. సాంబ్రాణి చూసి పారిపోయేవి ఏవో తనకు తెలుసునని పక్కింటి పిన్నిగారు మా ఆవిడ చెవిలో వేశారట. అప్పటి నుంచి ఇంట్లో నా పాదాల వంక చూపులు ఎక్కువయ్యాయి.

కెనడాలో హాలిఫాక్స్ అని ఒక ఊరుంది. అక్కడ ఆసుపత్రుల్లో, బడుల్లో, ఆఫీసుల్లో సెంటు పూసుకుని రావద్దని అడుగుతారు. అమెరికాలో వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2009లో తన ఉద్యోగులకు ఇదే చెప్పింది. డెట్రాయిట్‌లో తోటి ఉద్యోగిని సెంటు వల్ల పని చేయలేకపోతున్నానని కోర్టుకెక్కిన నగరపాలక ఉద్యోగినికి 2010లో లక్ష డాలర్లిచ్చి రాజీ చేసుకున్నారు. ఈ సంగతి మా ప్రొడక్షన్ మేనేజర్‌కు చెబితే, "అవన్నీ వద్దు సార్, ముందు మీ పాత సినిమా బ్యాలెన్స్ సంగతి చూద్దాం" అన్నాడు. ఆ బ్యాలెన్స్ ప్రస్తావన అతనంతట అతను తెచ్చింది అదొక్కసారే.

ఇక్కడ అలాంటి బోర్డు పెట్టే ధైర్యం ఎవరికుంది? పెళ్లికి వెళ్తే గుమ్మంలోనే పన్నీరు చల్లుతారు, వద్దంటే పెళ్లే వద్దన్నట్టు చూస్తారు. ఈ మర్యాద నిన్న మొన్నటిది కాదు. కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలు చేసి కర్పూర వసంతరాయడనిపించుకున్నాడు. ఆ ఉత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సరఫరా చేసిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడంతటివాడు హరవిలాసాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. సెంటు సప్లయర్‌కు కావ్యం! ఆ కర్పూరపు దుమారంలో నాలాంటి ముక్కువాడు ఒకడైనా ఉత్తరీయం అడ్డం పెట్టుకుని స్తంభం చాటున నిలబడే ఉంటాడు. వాడి మీద ఎవరూ పద్యం చెప్పలేదు.

సినిమా అంటే నాకు ప్రాణం ఎందుకంటే దానికి బొమ్మ ఉంది, మాట ఉంది, వాసన లేదు. వందమంది డాన్సర్లు, పూలవాన, నేల మీద ఫాగ్ మెషీన్ పొగ. ఆ పాట తీస్తున్నంతసేపూ నేను స్టూడియో గేటు బయట. అదే పాటను తెర మీద కళ్లప్పగించి చూస్తాను. దగ్గరికి వెళ్లలేని హీరోలందరినీ నేను ప్రేమించేది అక్కడే. దీన్ని కూడా చెడగొట్టబోయినవాళ్లున్నారు. 1960లో "సెంట్ ఆఫ్ మిస్టరీ" అనే హాలీవుడ్ సినిమాకు స్మెల్-ఓ-విజన్ పేరుతో సీట్ల దగ్గరికి గొట్టాలు పెట్టి వాసనలు వదిలారు. గొట్టాలు బుసకొట్టేవి, బాల్కనీకి వాసన ఆలస్యంగా చేరేది. సినిమా పోయింది, గొట్టాలూ పోయాయి. 1981లో "పాలియెస్టర్" సినిమాకు గోకి వాసన చూసే కార్డులు పంచారు. అదీ ముచ్చటగానే మిగిలింది. ఈ సంగతులు మన నిర్మాతల కంట పడకూడదని మొక్కుకున్నాను.

ఒక కొత్త డైరెక్టర్ కంట పడ్డాయి. మొన్న క్యాఫేలో ఎదురుగా కూర్చుని, "సార్, తెలుగులో ఫస్ట్ టైమ్! హీరోయిన్ ఇంట్రో. స్క్రీన్ అంతా చీకటి. థియేటర్ ఏసీలోంచి సువాసన వదులుతాం. ముందు వాసన, తర్వాత హీరోయిన్!" అన్నాడు.

నేను రుమాలు అడ్డం పెట్టుకునే చెప్పాను. ఫస్ట్ టైమ్ కాదు నాయనా, అయిదు వందల ఏళ్ల కిందటే అయిపోయింది. హిమాలయంలో దారి తెలియక తిరుగుతున్న ప్రవరుడికి వరూధిని కనబడక ముందే ఆమె వేసుకున్న తాంబూలంలోని కస్తూరి, కర్పూరం గాలిలో వచ్చి తగిలాయి. ఇక్కడ మనిషి జాడ ఉందని అటు నడిచాడు. ఏసీ ఖర్చు కూడా లేదు. ప్రవరుడికి నా ముక్కే ఉంటే అక్కడే రెండు తుమ్ములు తుమ్మి ఇటు తిరిగేవాడు. వరూధిని కనబడదు, మాయా ప్రవరుడు రాడు, స్వరోచి పుట్టడు, అతని కొడుకు మనువు పుట్టడు, ఏకంగా ఒక మన్వంతరమే ఆగిపోయేది.

కుర్రాడు కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు.

"సూపర్ సార్! రైటర్ ఎవరు?"

"అల్లసాని పెద్దన గారు."

"ఇప్పుడెవరి దగ్గర చేస్తున్నారు?"

"రాయలవారి దగ్గర."

"ఓహో, సీమ సబ్జెక్టా!" అని, జేబులోంచి చిన్న స్ప్రే తీసి మెడకు రెండువైపులా కొట్టుకుని, కుర్చీ నా దగ్గరికి లాక్కున్నాడు.