కూలి తిన్నాక టెంక మోయాలిగా!

వంకాయ కూరను సీతమ్మ సరసన, శివుడి సరసన, రాముడి సరసన కూర్చోబెట్టిన చాటువు మనది. ఆ పంక్తిలో తొడిమకు మాత్రం పీట వెయ్యలేదు. గుత్తివంకాయ పుణ్యమా అని ఆ ఒక్క కూరలో తొడిమ విస్తరి దాకా వస్తుంది గానీ, అదీ కాయ విడిపోకుండా పట్టి ఉంచడానికే. భోజనం అయ్యాక దాని గతీ అంతే. కూరగాయల మీద మన భక్తి ఎంతటిదైనా కత్తిపీట దగ్గర ఆగిపోతుంది. ఇటు పడితే కూర, అటు పడితే చెత్త. ఈ గీత గీసింది మనం. మొక్కనే గీయమంటే సరిగ్గా తిరగేసి గీస్తుంది: మనం తినేది దాని లెక్కలో ఖర్చు, పారేసేది అసలు. కాబట్టి కిటికీలో గాజుగ్లాసు పెట్టి పుదీనా కాడకు నీళ్ళు పోసేవాళ్ళను చూసి నవ్వేముందు, ఎవరు ఎవరికి బాకీయో ఒకసారి పద్దు చూసుకోవాలి. నేను చూసినంత వరకు బాకీదారులం మనమే.

మామిడిపండు సంగతే తీసుకోండి. చెట్టు కదలలేదు. పిల్లమొక్క తల్లి నీడలోనే పడితే ఎదగదు. అందుకని టెంకను దూరంగా మోసుకుపోయేవాడికి చెట్టు ముందే కూలి కట్టి ఉంచుతుంది: రసం, తీపి, వాసన, ఆకుల్లోంచి పిలిచే పసుపు రంగు. ఆ కూలిని మనం మోచేతి దాకా కార్చుకుంటూ పుచ్చుకుంటాం. టెంకను కూడా పీచు తెల్లబడేదాకా చీకుతాం. ఆ తర్వాత దాన్ని ప్లాస్టిక్ సంచిలో ముడేసి చెత్తబండి ఎక్కిస్తాం. అడ్వాన్సు తీసుకుని మాయమైన కాంట్రాక్టరు మనకంటే నయం. అతగాడు కనీసం ఫోను ఆపేసుకునే శ్రమన్నా పడతాడు. ఉల్లిపాయ విషయంలో మన నేరం ఇంకో మెట్టు పైన. మామిడి ఇచ్చింది, మనం తిన్నాం. ఉల్లి ఇవ్వలేదు. దాని పొరలన్నీ ఆకుల అడుగు భాగాలు; మళ్ళీ చిగిర్చి పూత పూయడానికి దాచుకున్న చద్దిమూట. కింద బిళ్ళలా గట్టిగా, ఎండిన మీసాల్లాంటి వేళ్ళతో ఉంటుందే, మనం మొట్టమొదట కోసి పారేసేది, అదీ అసలు కాండం. మూట మనం తిని, ప్రయాణికుణ్ణి చెత్తబుట్టలోకి తోస్తున్నామన్నమాట. ఆ బిళ్ళను అంగుళం మందాన కోసి, వేళ్ళు తడిసేటన్ని నీళ్ళలో పెడితే నాలుగైదు రోజుల్లో నడిమధ్య నుంచి పచ్చటి గొట్టం లేస్తుంది. ఆ లేవడంలో నిలదీత ఉంది. దాన్ని ఆటవెలదిలో పెడితే ఇలా వస్తుంది:

ఉల్లి తిన్నవాడు తల్లి మొదలు పార
వేయు, గిన్నె నీట వేళ్ళు వేసి
పచ్చనైన మొలక వచ్చి తానడుగును:
మూట తింటివేల మాట లేక?

ఇదంతా కవిత్వం, మొక్కలకు పద్దులేమిటి, నిలదీయడమేమిటి అని శాస్త్రం చదివినవారు కసురుకుంటారు. నిజమే, మొక్కకు ఉద్దేశం లేదు. కానీ ఏర్పాటు ఉంది. పుదీనా కాడను వెలుతురుకు పట్టి చూడండి. ఆకులు దూసేసిన ప్రతిచోటా చిన్న కణుపు. తడి తగిలితే వేళ్ళు వేసేది అక్కడే. బచ్చలి తీగదీ అదే తంతు, ముదురు కాడ మట్టిలో గుచ్చితే పాదవుతుంది. బంగాళాదుంప కన్ను కన్నూ ఒక మొగ్గ, ఎందుకంటే అది దుంపలా నటిస్తున్న కాండం. ధనియం మనం గింజ అనుకుంటాం గానీ అది కాయ, లోపల రెండు గింజలు. అందుకే చల్లేముందు నేలమీద పోసి చెప్పుకాలితో నలుపుతారు. తలవంచి మొక్కాల్సినదాన్ని కాలితో నలిపితేనే మొలుస్తుందనడం కొంచెం ఇబ్బందే, కానీ పద్ధతి అది.

రెండో ఆక్షేపణ డబ్బుది. పుదీనా కట్ట ఎంతని? కూరలమ్మాయి కొత్తిమీర కొసరుగానే వేస్తుంది కదా? తొట్టి, మట్టి, ఎరువు ఖరీదు కలిపి చూస్తే మనింట్లో పండిన నాలుగు ఆకులు వెండి రేకుల ధర పలుకుతాయి. ఈ ఆక్షేపణకు నా దగ్గర జవాబు లేదు, అక్కర్లేదు కూడా. పొదుపు పేరు చెప్పి ఈ పనిని సమర్థించేవాళ్ళే దీనికి మొదటి శత్రువులు. బాకీ తీర్చేవాడు లాభమెంత అని అడగడు.

కాపు రాదు కదా అనేది అంతకంటే గట్టి మాట. క్యారెట్ తల నీళ్ళలో పెడితే క్యారెట్ రాదు, జడకుచ్చులాంటి ఆకు వస్తుంది. మనం తిన్నది తల్లివేరు. తెగిన తల్లివేరు మళ్ళీ ఊరదు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి చెట్టూ రాదు. టెంకలో ఉన్న బిడ్డ తల్లి పోలికో, ఏ చెట్టు పుప్పొడో వచ్చి కలిసిన పోలికో చెప్పలేం. అందుకే రైతులు అంటు కడతారు. బనగానపల్లె మామిడికి 2017లో వచ్చిన భౌగోళిక గుర్తింపు టెంకకు వారసత్వంగా రాదు. పైగా నాలుగో అంతస్తు బాల్కనీలో మామిడి కాపు కోసం ఎదురుచూడటం మనవళ్ళకు పని అప్పగించడమే. ఒప్పుకున్నాను. కానీ తడి ఆరకముందే పాతిన టెంక (ఎండిపోతే అది చచ్చిపోతుంది) మొలిచిన వారంలో దాని ఆకుల్ని చూడాలి. రాగిరేకు రంగులో, పట్టుబట్ట ఆరేసినట్టు వేలాడుతూ ఉంటాయి. మెల్లమెల్లగా పచ్చబడి బిరుసెక్కుతాయి. కాపు రాని మొక్క దండగ అనేవారు ఈ వారం రోజుల్ని ఏ పద్దులో రాస్తారో చెప్పాలి.

దోమల మాట మాత్రం కాదనలేం. డెంగ్యూ దోమకు నిలవ ఉన్న మంచినీళ్ళే పురిటిగది. గ్లాసులో నీళ్ళు రెండు మూడు రోజులకోసారి మార్చనివారికి ఈ వ్యాసంతో సంబంధం లేదు. పెరళ్ళున్న రోజుల్లో ఈ గ్లాసుల బెడద ఉండేది కాదు. అంట్లు తోమిన నీళ్ళు చేమకూ అరటికీ పారేవి, పెంటకుప్ప మీద గుమ్మడి ఎవరి అనుమతీ లేకుండా పాకేది. బాకీ దానంతటదే తీరిపోయేది. ఇప్పుడు ఫ్లాటులో మిగిలిన పచ్చదనం తడిచెత్త డబ్బా రంగు.

ఇక కరివేపాకు. కూరలో కరివేపాకులా తీసిపారేశారని జాతి మొత్తం జాలిపడేది దాని మీదే కాబట్టి, మొదట దాన్నే నీళ్ళలో పెట్టబుద్ధవుతుంది. దండగ. మనం రెబ్బ అనేది కొమ్మ కాదు, మొత్తం కలిసి ఒక్కటే ఆకు. దానికి మొగ్గ లేదు. ఎన్నాళ్ళు నీళ్ళు పోసినా చెట్టవదు.

ఈ పూట పుదీనా పచ్చడైతే లావుపాటి కాడలు నాలుగు పక్కన పెట్టండి. కింది కణుపు నీళ్ళలో మునగాలి, వారం పదిరోజుల్లో తెల్లటి వేళ్ళు కనిపిస్తాయి. కరివేపాకును మాత్రం నిశ్చింతగా తీసి పారేయండి.