నల్ల కవరు మొగుడు

టీవీ ముందర నా అంత ఆధునికుడు నల్గొండలో దొరకడు. శానిటరీ ప్యాడ్ల ప్రకటన వస్తే ఒకప్పుడు మా నాయన దగ్గుకుంటూ బయటికి పోయేవాడు, మా అమ్మకు సరిగ్గా అప్పుడే పొయ్యి మీది పాలు యాదికొచ్చేవి. నేను కదలను, చానెల్ మార్చను. పైగా 'చూశావా, ఎట్లాంటి మొగుడు దొరికాడో' అన్నట్టు మా ఇంటామె దిక్కు ఒక చూపు చూస్తాను.

ఈ ఘనతంతా గడియారం సెంటర్ దాకానే. మెడికల్ షాపు మెట్లెక్కగానే నాకు ముందు జ్వరం గోలీలు అవసరమవుతాయి, ఆ తర్వాత దగ్గు మందు. వెనకాల ఎవరన్నా ఉంటే 'మీరు తీసుకోండి' అని దారిస్తాను. షాపు ఖాళీ అయ్యాక గొంతు తగ్గించి 'అదే... పెద్దది' అంటాను. కౌంటర్ పిల్లగాడు ఆరితేరినవాడు. ప్యాకెట్‌ను పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, మూతి ముడేసి ఇస్తాడు.

మా దగ్గర నల్ల కవర్లో పోయేవి రెండే: ఇదొకటి, మందు సీసా ఒకటి. ఓసారి దోస్తు ఎదురై, 'ఏందన్నా, ఇయ్యాల పార్టీనా?' అన్నాడు. 'అవును తమ్మీ' అన్నాను. తాగుబోతు అనిపించుకున్నా పరువు చెక్కుచెదరలేదు.

ఈ విద్య నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో 1920లో కోటెక్స్ ప్యాడ్లు అమ్మకానికొచ్చాయి. అడగడానికి ఆడవాళ్లు మొహమాటపడుతున్నారని కౌంటర్ మీద ప్యాకెట్లు, పక్కనే ఓ డబ్బుల డబ్బా పెట్టించారు. పైసలు వేసి, మాట్లాడకుండా తీసుకుపోవచ్చు. 1928లో జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్లు మోడెస్ ప్యాడ్ల ప్రకటనలో 'సైలెంట్ పర్చేజ్ కూపన్' అచ్చేశారు. కత్తిరించి షాపాయన చేతిలో పెడితే చాలు, నోరు విప్పే పని లేదు. ఆ కూపన్‌కు కాళ్లూ మీసాలూ మొలిస్తే నేను.

కిటుకు ఇక్కడే ఉంది. సిగ్గు కాపాడతామనాలంటే, ఇది సిగ్గుపడాల్సిన సంగతని ముందు ఒప్పించాలి. ఇప్పటి ప్రకటనలు దాచుకొమ్మనవు, దూకమంటాయి. తెల్ల ప్యాంటేసుకున్న అమ్మాయి ఉరుకుతుంది, గంతులేస్తుంది, కప్పు గెలుస్తుంది. ప్యాడ్ మీద పోసేదేమో ఏళ్ల తరబడి నీలం నీళ్లే. 'డాడీ, గా రంగు ఎవలకొస్తది?' అని మా బిడ్డ అడిగితే రిమోట్ వెతుక్కున్నాను.

ఓ నెల మా ఇంటామె కడుపు నొప్పితో ముడుచుకొని పడుకుంది. 'టీవీల ఆమె మంచిగనే ఉరుకుతున్నది గదా' అన్నాను.

'అయితే ఆమెనే వచ్చి వండిపెట్టుమను' అంది. ఆ పూట హోటల్ నుంచి ఇడ్లీలు తెచ్చాను. వాటికి తెల్ల కవరే ఇచ్చారు.

నిజానికి దాచడం మన రక్తంలో ఉన్నదీ కాదు. బిడ్డ పెద్దమనిషైతే చీరల ఫంక్షన్ చేసి చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టినోళ్లం. నడుమ బిడ్డ ఫోటో, చుట్టూ పాలమూరు మేనమామల ఫోటోలు, పైన ఎమ్మెల్యే దండం పెడుతూ. అట్లా ఊరందరికీ నేనే చాటించి, మర్నెల ప్యాకెట్‌ను మాత్రం పేపర్లో చుట్టుకొచ్చాను.

2018 జులైలో ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ ఎత్తేశారు. దాన్ని మగవాళ్ల మొహమాటం మీదికి మార్చి ఉంటే నా ఒక్కడి వాటాతోనే ఖజానా కళకళలాడేది.

కాబట్టి నాలాంటి అన్నలకు, తమ్ముళ్లకు మూడు మాటలు. ప్యాకెట్‌ను పేరు పెట్టి అడగండి. ఉల్లిగడ్డలతో పాటు అదే సంచిలో వేసుకొని రండి. నొప్పి ఉన్న రోజు అన్నం మీరే వండండి. మొదటి రెండూ రేపో మాపో ఏదో ఒక ప్రకటన చెబుతుంది. మూడోది మాత్రం చెప్పదు, అందులో కంపెనీకి అమ్ముకునేదేమీ లేదు.