గొంతుకు గ్యారంటీ లేదు

ఒమన్‌లోని ఘుబ్రాలో సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంటు ఉంది. గొంతును నెలజీతం చేసే ప్లాంటే ఇంకా ఎవరూ కట్టలేదు.

ఇదే ఒమన్‌లోని అసీలా రిలే కేంద్రం నుంచి కూడా మోగిన బీబీసీ అరబిక్ రేడియో 1938లో పుట్టి, 2023 జనవరి 27న మూతపడింది. ఎనభై అయిదేళ్ల సర్వీసు!

మన ఆకాశవాణి దయగలది, ఎవర్నీ తీసేయదు. అసలు పర్మనెంటుగా తీసుకుంటే కదా! క్యాజువల్ అనౌన్సరుకు నెలకు మహా అయితే ఆరు డ్యూటీలు. మిగతా ఇరవై నాలుగు రోజులూ వాళ్లింటి పొయ్యికి ‘సాంకేతిక కారణాల వల్ల అంతరాయం’.

ఘుబ్రా ఫ్లాటులో ఫోన్‌లో విజయవాడ కేంద్రం వింటున్న తండ్రితో కొడుకు అన్నాడు: “నాన్నా, నేను ఆర్జేనవుతా.”

“అవ్వరా. ముందు ఏదైనా ఉద్యోగం చూసుకో.”

“ఇప్పుడు ఏఐ మాట్లాడుతోందిగా!”

అదీ అయింది. పోలండ్‌లో ఆఫ్ రేడియో క్రాకోవ్ 2024 అక్టోబరులో మనుషుల స్థానంలో ఏఐ గొంతుల్ని కూర్చోబెట్టింది. జనం గోల చేస్తే వారం తిరక్కుండానే దింపేసింది. పాపం, యంత్రానికి ఆరు డ్యూటీలన్నా పడ్డాయో లేదో.