పేషెంటు తరఫున

మా బాబాయికి జలుబు చేస్తే సత్యనారాయణపురంలో ఆ వీధి వీధంతటికీ తెలుస్తుంది. ఆయనకు తుమ్ములు ఒంటరిగా రావు, వరసగా వస్తాయి. మంకీ క్యాప్, మెడకు మఫ్లరు, మంచం పక్కన ఫ్లాస్కు, టీవీ తగ్గించమని చేతి సైగలు. మాట పడిపోయి కాదు, గొంతుకు శ్రమ ఎందుకని. ఈసారి సంక్రాంతి వెళ్లిన వారానికి అదే వైభవం మొదలైంది. కాకపోతే మర్నాటికి పిన్నికీ గొంతు పట్టుకుంది.

పిన్ని సంగతి కాస్త వెనక నుంచి చెప్పాలి. దసరా తర్వాత మనిషి ఉన్నట్టుండి చిక్కిపోయింది. టీ గ్లాసు పట్టుకుంటే చేతులు వణికేవి. కూర్చున్నచోటే గుండె దడదడలాడేది. కార్తీకమాసం చలిలో ఇంట్లో అందరూ దుప్పట్లు కప్పుకుంటే ఆవిడ ఒక్కతే ఫ్యాను కావాలనేది. బాబాయి దాన్ని మొండితనం అన్నాడు. డాక్టరు గ్రేవ్స్ వ్యాధి అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి, థైరాయిడ్ గ్రంథిని క్షణం ఊపిరి పీల్చుకోనివ్వకుండా పని చేయించే ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. 1835లో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ అనే వైద్యుడు ఈ లక్షణాలను వివరించి రాస్తే, జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది. పిన్నికి డిసెంబరు మొదట్లో కార్బిమజోల్ మాత్రలు మొదలుపెట్టారు.

రాసిచ్చిన రోజే డాక్టరు గట్టిగా చెప్పారట. "ఈ మాత్ర వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుళ్లు, వీటిలో ఏది వచ్చినా జలుబులే అని ఊరుకోవద్దు. మాత్ర ఆపేసి అదే రోజు సీబీసీ చేయించి చూపించండి." వెయ్యిమందిలో ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఈ మందు తెల్లరక్తకణాలను, వాటిలోనూ ముఖ్యంగా న్యూట్రోఫిల్స్‌ను, దాదాపు తుడిచిపెట్టేస్తుంది. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. అప్పుడు చిన్న గొంతునొప్పి కూడా నెత్తురులోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. ఆయన ఈ ముక్కను ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో రాశారు కూడా. బాబాయి ఆ పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఫోన్‌లో పండక్కి రిజర్వేషన్లు చూసుకుంటున్నాడు.

ఆ ఇంట్లో థైరాయిడ్ విషయంలో చివరిమాట డాక్టరుది కాదు, బాబాయి వాళ్లక్కది. మేమంతా అత్తయ్య అంటాం. ఆవిడకు చాలా ఏళ్లుగా హషిమోటో జబ్బు. పిన్ని జబ్బుకూ దీనికీ మూలం ఒకటే, రోగనిరోధక వ్యవస్థ సొంత గ్రంథి మీదే పడటం. కానీ పిన్ని గ్రంథి పరుగులు పెడుతుంటే అత్తయ్యది చతికిలపడింది. అందుకని ఆవిడ లోటును పూడ్చే లెవోథైరాక్సిన్ వేసుకుంటుంది. తెల్లవారగానే పరగడుపున మాత్ర, గంట తర్వాతే కాఫీ, కాల్షియం బిళ్ల మధ్యాహ్నం భోజనం అయ్యాకే. ఈ క్రమశిక్షణలో ఆవిడకు వంక పెట్టలేం. జలుబు చేసినా పొద్దుటి మాత్ర మానదు, మిరియాల కషాయం తాగి, ఆవిరి పట్టి, రెండు రోజులు పడుకుని లేస్తుంది. ఆవిడ వరకు అది సరైన వైద్యమే. టీఎస్‌హెచ్ అదుపులో ఉన్న హషిమోటో మనిషికి జలుబు జలుబే. అంతకంటే పెద్ద భూతమేం కాదు. చిక్కల్లా ఆవిడ తన వైద్యాన్ని పిన్నికీ రాసివ్వడంలో వచ్చింది.

"నాకూ థైరాయిడే కదా అమ్మాయ్! ఇన్నేళ్లలో ఎన్ని జలుబులు రాలేదు? ప్రతి దానికీ రక్తం తీయించుకుంటూ కూర్చున్నానా?"

కషాయం వచ్చింది. పిన్ని తాగింది. తర్వాత పుక్కిలించమని ముదురు గోధుమరంగు మందు సీసా వచ్చింది. పిన్ని దాని కాగితం చదివి వెనక్కి ఇచ్చేసింది. అందులో ఉన్నది అయోడిన్. థైరాయిడ్ జబ్బున్నవాళ్లు డాక్టరును అడక్కుండా దాని జోలికి పోకూడదు. ఉప్పునీళ్లతో పుక్కిలించుకుంది. ఆ తర్వాత బాబాయి ఉదారంగా తన జలుబు బిళ్లల్లోంచి ఒకటి తుంచి ఇచ్చాడు. అందులో ముక్కు దిబ్బడ విడగొట్టే ఫినైలెఫ్రిన్ ఉంది. అసలే దడదడలాడే గుండెకు అది మంచిది కాదు. పిన్ని దాన్నీ పక్కన పెట్టింది.

"ఏమిచ్చినా వద్దంటే ఎట్లా తగ్గుతుందోయ్?" అన్నాడు బాబాయి, బొంగురు గొంతుతో, ఎంతో ప్రేమగా.

ఆ రాత్రి పిన్నికి 102 వచ్చింది. పారాసిటమాల్ వేస్తే దిగింది. తెల్లారేసరికి మళ్లీ అంతే. గొంతులో ఉమ్మి మింగడానికి లేదు. పొద్దున కార్బిమజోల్ వేసుకోకుండా డబ్బాలో పెట్టేసి, ఫైలు తెచ్చి ఎర్ర ఇంకు చూపించింది.

"జలుబుకు రక్తపరీక్ష ఏమిటోయ్! నవ్విపోతారు. రేపటికి తగ్గకపోతే చూద్దాం" అన్నాడు బాబాయి. అది ఏడింటి మాట. ఎనిమిదింటికి ఆయన నోట్లో థర్మామీటరు 99 చూపించింది. ఎనిమిదీ ఐదుకు ల్యాబుకు ఫోను చేశాడు. సీబీసీ, సీఆర్‌పీ, డెంగీ, ఎలాగూ సూది గుచ్చుతున్నారు కదా అని విటమిన్ డి కూడా కలిపి ప్యాకేజీ తీసుకున్నాడు. కుర్రాడు ఇంటికొచ్చి రక్తం తీసుకున్నాడు. బాబాయి సూది పడే వేళకు కళ్లు మూసుకుని, తెరిచాక కొబ్బరినీళ్లు తాగి పడుకున్నాడు. పిన్ని కుర్రాణ్ని గుమ్మం దాకా సాగనంపి, పనిలోపని ఒకటి చేయించుకుని, దాని డబ్బు విడిగా ఇచ్చి తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం బాబాయి ఫోను మోగింది.

"సార్, పొద్దున మీ ఇంటి నుంచి వచ్చిన శాంపిల్‌లో తెల్లకణాలు బాగా పడిపోయాయి. కనీసం నాలుగు వేలుండాలి, వెయ్యి కూడా లేవు. న్యూట్రోఫిల్స్ అయితే దాదాపు లేనట్టే. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి..."

మిగతాది బాబాయి వినలేదు. ఫోను చేతిలోంచి జారింది. అత్తయ్య శోకాలు అందుకుని, మధ్యలో దుర్గమ్మకు మొక్కుకుని, మళ్లీ శోకాల్లోకి వచ్చింది. బెంగళూరులో కొడుక్కి కబురు వెళ్లింది, వాడు సాయంత్రం విమానానికి టికెట్ కొన్నాడు. ఎదురింటాయన వచ్చి బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. ఈ స్థితిలో బాబాయి కారు నడపడం కలలో మాట. అత్తయ్యకు నడపడం రాదు. పిన్ని తాళాలు తీసుకుంది. ఏలూరు రోడ్డు రద్దీలో దూరి, సూర్యారావుపేటలో ఆస్పత్రి ముందు ఆపేదాకా వెనక సీట్లోంచి అత్తయ్య, "కాస్త చూసి తోలమ్మా, గుంతల్లో పడితే వాడు అదిరిపోతున్నాడు" అంటూనే ఉందట.

బాబాయిని చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళ్లారు. కౌంటరు దగ్గర కాగితాలు నింపింది పిన్నే. పేషెంటు పేరు: బాబాయిది. పేషెంటు తరఫున అటెండరు సంతకం: పిన్నిది.

డ్యూటీ డాక్టరు బాబాయి గొంతులో లైటు వేసి చూశాడు, నాడి చూశాడు, బీపీ చూశాడు. తర్వాత ఫోన్‌లో రిపోర్టు తెరిచాడు.

"ఇది మీది కాదండీ. ఫిమేల్, 46 అని ఉంది. మీ రిపోర్టు కింద ఉంది, నార్మల్. విటమిన్ డి కాస్త తక్కువ." తలెత్తి వెనక్కి చూశాడు. "ఎవరావిడ?"

ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో బాబాయి శాలువా, చంకలో ఎర్ర ఇంకు ఫైలుతో పిన్ని గోడకు ఆనుకుని నిలబడి ఉంది. డాక్టరు ఫైలు చదివాడు. థర్మామీటరు 103 దాటింది.

"కార్బిమజోల్ ఎప్పుడు ఆపారు?"

"ఈ పొద్దున వేసుకోలేదండీ."

"మంచి పని చేశారు" అని, నర్సు వైపు తిరిగాడు. నర్సు వచ్చి బాబాయిని లేవమంది. ఆ కుర్చీ కావాలట.

పిన్ని వారం పైనే విడి గదిలో ఉంది. సెలైన్‌లో యాంటీబయాటిక్స్, తెల్లకణాలు పెరగడానికి ఇంజెక్షన్లు. కార్బిమజోల్ ఇక జన్మలో ముట్టుకోవద్దన్నారు. అదే కోవకు చెందిన ప్రొపైల్‌థయోయురాసిల్ కూడా వద్దన్నారు, ఒకటి పడనివారికి రెండోదీ అదే పని చేయవచ్చు. కోలుకున్నాక గ్రంథికి రేడియో అయోడిన్ ఇద్దామన్నారు. ఇంటికొచ్చాక నేను చూడ్డానికి వెళ్లి అడిగాను, ల్యాబు నుంచి ఫోనొచ్చినప్పుడు నీదని తెలియలేదా అని.

"తెలియకేం? ఆయనకు 99, నాకు 102."

"మరి చెప్పలేదేం పిన్నీ?"

"నాదని చెబితే రేపు చూద్దాం అనేవారు. ఆయనదనుకున్నారు కాబట్టి పావుగంటలో చేరాం."

ఆ రోజు కౌంటరు దగ్గర ఇంకో పేచీ కూడా వచ్చిందట. గుమాస్తా కుర్రాడు కాగితాల్లో బాబాయి పేరు కొట్టేసి పిన్ని పేరు రాశాడు. కింద సంతకం చూసి ఆగిపోయాడు. అప్పుడే చక్రాల కుర్చీలో అటుగా తోసుకెళ్తున్న పిన్నిని ఆపాడు.

"మేడమ్, పేషెంటూ మీరే, అటెండరూ మీరే అంటే కుదరదండీ. మీ తరఫున సంతకం పెట్టడానికి ఇంట్లో ఎవరూ లేరా?"

పిన్ని బెంచీ వైపు చూసింది. బాబాయి మఫ్లరు సర్దుకుంటున్నాడు. అత్తయ్య ఆయన వీపు రాస్తోంది.

"ఉన్నారు బాబూ. ఆయనకు జలుబు చేసింది."