ఆర్పీ గారి నాలుగు గ్రూపులు

రిసోర్స్ పర్సన్‌గా ఎవరూ పుట్టరు. మొన్నటిదాకా మనతోపాటు చివరి బెంచీలో కూర్చుని జీడిపప్పు నములుతూ డీఏ బకాయిల లెక్క వేసిన మాస్టారే, జిల్లా శిక్షణకి వెళ్ళొచ్చేసరికి ఆర్పీ గారైపోతారు. చంకలో చార్టుల చుట్ట, జేబులో స్కెచ్ పెన్నులు. "రండి" అనేవారు కాస్తా "ఇప్పుడు మనందరం ఒక చిన్న యాక్టివిటీ చేద్దాం" అంటారు.

నరసరావుపేటలో వీరికి కొదవ లేదు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి మా ఊరు జిల్లా కేంద్రమయ్యాక మరీనూ. ఇదివరకు శిక్షణలంటే మేమే గుంటూరు బస్సెక్కేవాళ్ళం. ఇప్పుడు మాచర్ల, గురజాల వాళ్ళు మా ఊరొచ్చి, మేం అప్పట్లో తిట్టుకున్నట్టే తిట్టుకుంటున్నారు.

స్కూల్ కాంప్లెక్స్ మీటింగు రోజున మా ఆర్పీ గారు ముందు బెంచీలు గుండ్రంగా వేయిస్తారు. తర్వాత గ్రూపులు. వెనకటికి కృష్ణ, గోదావరి, పెన్న, నాగావళి అని నదుల పేర్లు పెట్టి సరిపెట్టేవారు. ఈమధ్య న్యూజీలాండ్‌లో ఫ్లెమింగ్ అనే ఆయన చెప్పిన 'వార్క్' పద్ధతి పట్టుకున్నారు. చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు, చదివీ రాసీ నేర్చుకునేవారు, చేసి నేర్చుకునేవారు. ఎవరు ఏ రకమో తేల్చడానికి ఒక ప్రశ్నల కాగితం కూడా ఉంది.

"కొత్త ఊళ్ళో దారి తెలీకపోతే ఏం చేస్తారు? మ్యాపు చూస్తారా, ఎవర్నైనా అడుగుతారా?"

"ఆటో ఎక్కుతానండీ" అన్నారు లెక్కల మాస్టారు.

ఆటో ఏ రకం కిందికొస్తుందో కాగితంలో లేదు. అక్కడితో ఆర్పీ గారు కాగితం మడిచి, మనుషుల్ని చూసే నిర్ణయించడం మొదలుపెట్టారు. ఫోన్లోంచి తలెత్తని తెలుగు మేడం చూసే రకం. కళ్ళు మూసుకుని గోడకి జారబడ్డ సైన్స్ మేడం వినే రకం. మధ్యలో మూడుసార్లు టీకి లేచిన పీఈటీ సారు చేసే రకం. పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్న సోషల్ మాస్టారు చదివే రకం. అప్పటికాయన సినిమా పేజీలో ఉన్నారు.

2008లో పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి ఈ రకాల మీద వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. ఎవరి రకాన్ని బట్టి వాళ్ళకి చెబితే బాగా వస్తుందనడానికి చాలినంత రుజువు లేదని తేల్చారు. ఆ ముక్క ఆర్పీ గారికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. రాత్రంతా కూర్చుని నాలుగు రంగుల్లో ఆ చార్టు రాసింది ఆయనే.

అయినా మనిషికో తీరు ఉంటుందన్నది కొత్త మాటేం కాదు. బ్రిటిష్ వాళ్ళ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా ప్రాజెక్టు ఆప్పెప్ రోజుల్లో, ఆరు సూత్రాలంటూ మా చేత వల్లెవేయించిన వాటిల్లో గ్రూపు పనీ ఉంది, పిల్లల్లో తేడాల్ని గమనించడమూ ఉంది. సోషల్ మాస్టారు ఆ కాలం మనిషి. "అప్పుడూ చార్టులే, ఇప్పుడూ చార్టులే. అప్పుడు మైదా జిగురు మనమే కాచుకునేవాళ్ళం, అంతే తేడా" అంటారు.

ఇక చర్చ. "అభ్యసన శైలుల వైవిధ్యాన్ని తరగతి గదిలో ఎలా ఉపయోగిస్తారు?" అని అడిగి ఆర్పీ గారు పెన్ను మూత తీశారు. కోటప్పకొండ మీద కాకి వాలదంటారు కదా, ఆ ప్రశ్న మీద ఒక్క మాటా వాలలేదు. మూత మళ్ళీ పెట్టారు.

భోజనాలయ్యాక పీఈటీ సారు కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళ మాటెత్తారు. వాళ్ళ ఊళ్ళో నిలువుగా కట్టి కొండకి తెచ్చే ప్రభ ఈసారి ఎనభై అడుగులట. మా ఆర్పీ గారిని ఎన్ని అన్నా ఇక్కడ మాత్రం మెచ్చుకోవాలి. ప్రశ్న రాసిన చార్టు తీసి పక్కన పడేశారు. "సార్, అది పడిపోకుండా కొండదాకా ఎట్టా వస్తుంది?" అన్నారు.

అంతే. తెలుగు మేడం ఫోను పక్కనపెట్టి బోర్డు మీద ప్రభ గీశారు. పీఈటీ సారు రెండు బెంచీలు నిలబెట్టి, తాడు కట్టి, మమ్మల్ని చెరోవైపు లాగమన్నారు. సైన్స్ మేడం కళ్ళు తెరవకుండానే "బరువంతా కిందే ఉండాలి" అన్నారు. లెక్కల మాస్టారు సుద్దముక్క లాక్కుని, "ఎత్తు ఎనభై. అరవై అడుగుల దూరంలో నిలబడి మోకు పడితే పైథాగరస్ లెక్కన మోకు సరిగ్గా వంద అడుగులు" అని కింద రెండు గీతలు కొట్టారు.

పేపరు కిందికి దిగింది.

"ఏందయ్యా నీ లెక్క? వంద అడుగుల మోకు తెస్తే పైన ముడి దేంతో వేస్తావు? చేతికి ఏం చుట్టుకుంటావు? నూట పదిహేను తెచ్చుకో. చిన్నప్పుడు పట్టినోణ్ణి చెబుతున్నా" అంటూ సోషల్ మాస్టారు లేచొచ్చి, తాడు చేతికి రెండు చుట్లు తిప్పుకుని, వెనక్కి వాలి చూపించారు. లెక్కల మాస్టారు పైథాగరస్‌ని వదలనన్నారు. మీటింగు టైమయిపోయినా ఎవరూ లేవలేదు. ఫొటో అప్‌లోడ్ చెయ్యాలి, ఇటు చూడండని ఆర్పీ గారు బతిమాలినా ఒక్కరూ కెమెరా వంక చూడలేదు.

నివేదికలో ఆయన ఇవేవీ రాయలేదు. సోషల్ మాస్టారి పేరు మాత్రం చదివే రకంలోంచి కొట్టేసి, చేసే రకంలో చేర్చారు.